ముడికి తగిన దారము

మన భాషలో ముడికి ఉన్న గౌరవము దారమునకు లేదు. పెండ్లినాడు మూడు ముళ్ళు పడినవా అని అడుగుదురే గాని, ఆ ముళ్ళు పడిన సూత్రము ఎన్ని పోగులదో అడుగువారు లేరు. వ్యవహారము చిక్కుపడినచో పీటముడి అందుము. ఇరువురకు పొత్తు కుదిరినచో ముడిపడినది అందుము. దిక్కులేనివానిని మాత్రము తాడూ బొంగరమూ లేనివాడని ఈసడింతుము. ముడి ఘనత అంతయు త్రాటిపై ఆధారపడినదన్న సంగతి త్రాడు తెగిననాడు గాని మనకు జ్ఞప్తికి రాదు.

సాహిత్యపుటలలో త్రాటిని గూర్చిన ప్రసంగమేమని పాఠకులు శంకింపవచ్చును. కాని సాహిత్యమునకును త్రాటికిని గల బంధుత్వము ప్రాచీనమైనది. గ్రంథమనగా కూర్చి కట్టబడినది. తాటాకులకు బెజ్జము వేసి, త్రాట గ్రుచ్చి కట్టిన కట్టయే మన తొలినాటి పుస్తకము. గ్రంథి యనగా ముడి. ఆ రెండు మాటలకు ధాతువు ఒక్కటే. ప్రబంధము, నిబంధము అనువానిలో ఉన్నది బంధమే. సూత్రమనగా దారము, అల్పాక్షరములలో చెప్పిన నియమమునకు గూడ అదియే పేరు. గుణమనగా స్వభావము, త్రాటిపేటకును, వింటి అల్లెత్రాటికిని గూడ గుణమనియే పేరు. కావున త్రాటి గుణములను విచారించుట భాషోపాధ్యాయునకు పరాయి పని కాదు.

ఈ విచారణ ఇప్పుడు అవసరమగుటకు కారణము మన పాఠశాలలే. 1950 నవంబరు 7వ తేదీన ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ శిక్షణలో తొలిమెట్లయందే ముడులు నేర్పుదురు. చేతిపనుల తరగతులలో ఉట్టులు, సంచులు, వైరుబుట్టలు అల్లింతురు. ఉపాధ్యాయుడు “రేపు రెండు మీటర్ల త్రాడు తెండి” అని చెప్పును. పిల్లవాడు అంగడికి పోయి చేతికందినది, చవకైనది, మెరయునది కొని తెచ్చును. పుస్తకములో బొమ్మ చూచి ముడి వేయును. ముడి సరిగానే పడును, లాగగానే జారిపోవును. రెండవసారియు జారును. మూడవసారికి ఆ బాలుడు తనకు చేతివాటము లేదని నిశ్చయించుకొని కూర్చుండును. తప్పు చేతిది కాదు, త్రాటిది. ఆ మాట వానికి చెప్పువారు లేకపోవుటయే నష్టము.

తీరమున నేర్చిన పాఠము

త్రాటి మార్పు ముడిని ఎట్లు మార్చునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము పోవు జాతీయ రహదారిపై, విజయనగరము జిల్లాలో, భోగాపురము ఉన్నది. నేడు ఆ పేరు వినగానే అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయము పలువురకు తలపునకు వచ్చును. కాని రహదారికి తూర్పుగా కడలివైపు పోయినచో, ఆ మండలములోనే ముక్కాము, చేపలకంచేరు మొదలగు పల్లెలు కలవు. అచ్చటి జనులకు ముడి వినోదము కాదు, జీవనము.

జాలరి యను మాట జాలమునుండి వచ్చినది, జాలమనగా వల. వలను కొంచెము పరిశీలించి చూడుడు. అందు దారము తక్కువ, ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీకి మనవారు కన్ను అని పేరు పెట్టిరి. కన్ను చిన్నదైన చిన్న చేపయు చిక్కును. పెద్దదైన పెద్ద చేపయే చిక్కును. ఆ కన్ను పరిమాణమును మార్పు లేకుండ నిలుపునది నాలుగు మూలలనున్న ముడులే. ఒక ముడి జారినచో దాని చుట్టునున్న నాలుగు కన్నులును వికారమగును. చేప ఆ సందున తప్పించుకొనును. కనుక ముడి జారుట జాలరికి కూలి పోవుటతో సమానము.

ఆ వలముడి రూపము తెలిసికొనదగినది. మగ్గముపై తెగిన పోగును అతుకుటకు సాలెవాడు వేయు ముడియు, వలకన్నునకు జాలరి వేయు ముడియు నిర్మాణమున ఒక్కటే. స్కౌటు విద్యార్థి ‘షీట్ బెండ్’ అని నేర్చుకొనునదియు అదియే. ఒక దారమును మడిచి చిన్న వంపు చేయుదురు. రెండవ దారమును ఆ వంపులోనుండి పైకి తెచ్చి, వెనుకగా త్రిప్పి, తన క్రిందనే దూర్తురు. పొందూరు ఖద్దరు నేయు మగ్గమునకును, ముక్కాము తీరమున ఆరవేసిన వలకును ఈ ఒక్క ముడి ఉమ్మడి ఆస్తి. అమెరికా దేశస్థుడు క్లిఫర్డ్ ఆష్లీ 1944లో ప్రకటించిన ముడుల గ్రంథములో దాదాపు 3,900 పద్దులు ఉన్నవి. వానిలో లోకమునకు ఇంత మేలు చేసినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవే.

పూర్వము వలలు నూలుతోను, జనుపనారతోను అల్లెడివారు. వృక్షసంబంధమైన నారలన్నిటికిని మూలపదార్థము సెల్యులోజు. అది సూక్ష్మజీవులకు ఆహారము. కావున నూలువల నీటిలో నానిన కొలది క్రుళ్ళును. దానిని కాపాడుకొనుటకు చెట్టుబెరడు కషాయములో వలను ఉడికించుట, వేటనుండి వచ్చిన వెంటనే కడిగి ఇసుకపై ఆరవేయుట నిత్యకృత్యముగా నుండెడిది. వేటకు పట్టు శ్రమ ఒకటి, వలను బ్రతికించుకొను శ్రమ మరొకటి.

ఆ రెండవ శ్రమను తీసివేసినది నైలాను. 1935 ఫిబ్రవరి 28వ తేదీన అమెరికాలో డ్యూపాంట్ సంస్థ పరిశోధనాలయమునందు వాలెస్ కరోథర్స్ నాయకత్వమున పనిచేయు రసాయనశాస్త్రజ్ఞులు దానిని తొలిసారి తయారుచేసిరి. 1938 అక్టోబరులో లోకమునకు వెల్లడించునప్పటికి కరోథర్స్ జీవించి లేడు. అతడు 1937లోనే కాలధర్మము చెందెను. తొలుత పండ్లుతోము కుంచెలకు, పిదప స్త్రీల మేజోళ్ళకు, యుద్ధకాలమున పారచూట్లకు, త్రాళ్ళకు అది వినియోగపడెను. ఈ పదార్థమును తినగల సూక్ష్మజీవులు సముద్రములో లేవనియే చెప్పవచ్చును. కనుక అది క్రుళ్ళదు. మన దేశమున 1957లో కొచ్చిన్‌లో నెలకొల్పిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వల దారములను శాస్త్రీయముగా పరీక్షించి, కృత్రిమపు నారల వాడుకకు దారిచూపిన సంస్థలలో ముఖ్యమైనది. దానికి విశాఖపట్టణమున శాఖయు కలదు.

అయితే నైలానుతోబాటు ఒక చిక్కు వచ్చినది. నూలుపోగుపై నూగు ఉండును. ముడిలో పోగులు ఒకదానినొకటి పట్టుకొనును. నైలానుపోగు నున్నన. నూలుతో వేయునప్పుడు బిగిసిన వలముడియే నైలానుతో వేసినచో జారెను. అందుచేత వలలు అల్లువారు ఒక చుట్టునకు బదులు రెండు చుట్లు వేసి జంటముడి చేసిరి. కర్మాగారములలో వలను సాగదీసి వేడిచేసి ముడులు బిగియునట్లు చేసిరి. అనగా దారము మారగనే వేల సంవత్సరముల ముడియు మారవలసి వచ్చినది. పాఠశాలలో కూర్చున్న మన బాలునకు ఎదురైన చిక్కును సముద్రతీరమున జాలరి ముందే చూచి, ముందే విప్పియున్నాడు.

చుట్టులోని గణితము

రెండవ చుట్టు వేసినంతమాత్రమున అంత బలమెట్లు వచ్చునని విద్యార్థి అడుగవలెను. దీనికి పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త సమాధానము చెప్పెను. స్తంభమునకు త్రాడు చుట్టి ఒక కొనను చేత పట్టుకొన్నచో, రెండవ కొనయందు ఎంత బలమును ఆపగలమన్నది చుట్లను బట్టి కూడికగా పెరుగదు, గుణకారముగా పెరుగును. త్రాటికిని స్తంభమునకును మధ్య ఘర్షణ గుణకము 0.2 అయినచో, ఒక పూర్తి చుట్టుతో చేతిబలమునకు సుమారు 3.5 రెట్లు ఆపవచ్చును. రెండు చుట్లతో 12 రెట్లు. మూడు చుట్లతో 43 రెట్లు. పెద్ద పడవను గుంజకు మూడు చుట్లు చుట్టి ఒక్క మనిషి నిలుపగలుగుట ఇందువలననే.

ఇప్పుడు గరుకు త్రాటిని తీసికొందము. దాని గుణకము 0.3 అనుకొన్నచో రెండు చుట్లతోనే ఆ 43 రెట్లు వచ్చును. గరుకు త్రాటికి రెండు చుట్లు ఎంతయో, నున్నని త్రాటికి మూడు చుట్లు అంత. కనుక చవకైన నున్నని దారము కొన్నవాడు ముడి జారుచున్నదని విచారింపనక్కరలేదు. మరొక చుట్టు వేయవలెను. కొనను పొడవుగా విడువవలెను. ఇది మొదటి సూత్రము.

నాలుగు జాతులు

అంగడిలో నైలాను త్రాడని, ప్లాస్టిక్కు త్రాడని పిలువబడువానిలో నిజమునకు నాలుగు వేర్వేరు జాతులు కలవు. వాని జన్మములు వేరు, గుణములు వేరు.

మొదటిది నైలాను. ఇది బలమైనది, సాగునది. తెగుటకు ముందు తన నిడివిలో ఐదవవంతు వరకు సాగగలదు. కుదుపును ఓర్చుకొనవలసిన పనికి ఇది మేలు. కాని కొంత నీటిని పీల్చును. తడిసినప్పుడు బలములో పదవవంతో, అంతకు కొంచెము ఎక్కువో తగ్గును. బట్టలు ఆరవేయు దండెమునకు నైలాను కట్టినచో తడిబట్టల బరువునకు నడుమ క్రుంగుట అందరును చూచియుందురు.

రెండవది పాలియెస్టరు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను ఇరువురు దీనిని కనుగొనిరి. టెరిలీను అను పేరుతో మన చొక్కాలకు వచ్చినది ఇదియే. నైలానుకన్న తక్కువ సాగును, తడిసినను బలము చెడదు, ఎండకు బాగుగా నిలుచును. అల్లిన పాలియెస్టరు దారము చేతికి మెత్తగా ఉండి, ముడిని చక్కగా పట్టును. ముడులు నేర్చుకొనువారికి ఇది యోగ్యమైనది. వెల మాత్రము కొంచెము ఎక్కువ.

మూడవది పాలిప్రొపిలీను. ఇటలీ దేశస్థుడు జూలియో నట్టా 1954లో దీనిని సాధించెను; 1963లో కార్ల్ సీగ్లరుతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. చవకైన రంగురంగుల త్రాళ్ళు పెక్కులు ఈ జాతివే. ఇది నీటికన్న తేలిక. నీరు పీల్చదు. కాని బిరుసు, ముడి వేసిన పిమ్మట మరల నిటారుగా నిలువజూచును, ముడి విచ్చును. దీనికి మరొక శత్రువు ఎండ. రక్షకద్రవ్యము కలుపని పాలిప్రొపిలీను ఎండలో విడిచినచో నెలలలోనే పెళుసెక్కి, చేతితో నలిపిన పొట్టు రాలును.

నాలుగవది పాలిథీను. అల్పపీడనమున దీనిని తయారుచేయు విధానమును సీగ్లరు 1953లో కనుగొనెను. పడవల త్రాళ్ళకు, ఈడ్పువలలకు దీనిని విరివిగా వాడుదురు. ఇదియు తేలును. మైనము వలె జారును. కనుక చిన్న ముడుల అభ్యాసమునకు నాలుగింటిలో తక్కువది.

ఏది ఏదో తెలియుట ఎట్లు?

చుట్టపై పేరు ఉండదు. ఉన్నను నమ్మదగినది కాకపోవచ్చును. అయినను ఒక గ్లాసెడు నీటితో సగము సందేహము తీరును. మంచినీటి సాంద్రతను 1 అనుకొన్నచో, నైలాను 1.14, పాలియెస్టరు 1.38, పాలిప్రొపిలీను 0.91, పాలిథీను సుమారు 0.95. దారమును అంగుళమంత కత్తిరించి, పోగులు విడదీసి, నీటిలో ముంచి వ్రేళ్ళతో నలిపి గాలిబుడగలు పోగొట్టి విడువవలెను. మునిగినచో నైలానో పాలియెస్టరో. తేలినచో మిగిలిన రెండింటిలో ఒకటి. ఎనిమిదవ తరగతి విద్యార్థికి సాంద్రత పాఠమును ఇంతకన్న చవకగా చెప్పు పరికరము లేదు.

మునిగిన రెండింటిని వేరుచేయుటకు లాగి చూడవలెను. చేతులతో గట్టిగా లాగినప్పుడు రబ్బరు వలె కొంచెము సాగి వెనుకకు వచ్చునది నైలాను, సాగనిది పాలియెస్టరు. తేలిన రెండింటిలో పాలిథీను గోటికి మైనము వలె మెత్తగా తగులును. కాల్చి చూచు పరీక్షయు ఉన్నది గాని అది ఉపాధ్యాయుడే చేయదగినది. కృత్రిమపు నార మండుటకు ముందు కరగి బొట్టుగా కారును. ఆ బొట్టు చర్మమున అంటుకొని లోతుగా కాల్చును. పాలిథీను సుమారు 130 డిగ్రీలకు, పాలిప్రొపిలీను 165 డిగ్రీలకు కరగును. నైలాను రకమునుబట్టి 220 మొదలు 260 డిగ్రీల వరకు, పాలియెస్టరు 255 డిగ్రీలు దాటిన పిదప కరగును. కత్తిరించిన కొన విచ్చిపోకుండ దీపముపై కొంచెము కరిగించి ఊరకుండుట వాడుక. ఆ పనియందు కొనను వ్రేళ్ళతో నొక్కరాదు, చల్లారువరకు ఆగవలెను. చిన్నపిల్లలచేత ఆ పని మానిపించి, సన్నని నూలుదారముతో కొనను పది చుట్లు బిగించి కట్టించుట మేలు. అదియు ఒక ముడియే గదా!

దారము నిర్మాణమునుగూడ చూడవలెను. పేనిన త్రాడు వేరు, అల్లిన త్రాడు వేరు. మన పల్లెలలో మూడుపేటల త్రాడనునది పేనినది. పోగులకు ఒకవైపు పురి, పేటలకు ఎదురువైపు పురి. ఆ రెండు పురులు ఒకదానినొకటి విచ్చనీయవు. పేనిన త్రాట ముడి బాగుగా పట్టును, కాని పలుమార్లు విప్పి వేసినచో పురి చెడును. జడవలె అల్లిన త్రాడు మెలికపడదు. పిల్లల చేతికి అనువైనది. లోపల బోలుగా ఉన్న అల్లిక మాత్రము ముడిలో చప్పిడియై జారును. కొనుటకు ముందు వ్రేళ్ళతో నొక్కి చూచిన ఇది తెలియును.

వెల లెక్క

చవక యనగా చుట్టవెల తక్కువయగుట కాదు, మీటరువెల తక్కువయగుట. వల దారమును తూకమునకు అమ్ముదురు. దానిపై 210/12, 210/96 అను అంకెలు ఉండును. ఆ అంకెలను చదువనేర్చినవాడు మోసపోడు. మొదటి అంకె డెనియరు. 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అదియే డెనియరు. రెండవ అంకె అట్టి పోగులు ఎన్ని కలిసినవో తెలుపును. 210/12 అనగా 210 డెనియరు పోగులు పండ్రెండు. రెంటిని గుణించిన 2520. అనగా 9000 మీటర్ల దారము 2520 గ్రాములు. కిలోకు సుమారు మూడున్నరవేల మీటర్లు వచ్చును. పురి పెట్టుటచేత పోగు కొంత క్రుంగును గనుక నిజముగా దొరకు నిడివి ఇంతకు కొంచెము తక్కువ.

ఇది చేతి అభ్యాసమునకు మిక్కిలి సన్నము. పాఠశాలకు 210/96 వంటిది తగును. అది సుమారు 2 మిల్లీమీటర్ల లావుండును. తరగతిలో 40 మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 2 మీటర్ల ముక్కలు రెండు కావలెననుకొందము. మొత్తము 160 మీటర్లు. 210ని 96తో గుణించిన 20,160. అనగా మీటరునకు 2.24 గ్రాములు. 160 మీటర్లకు సుమారు 360 గ్రాములు. పురి తరుగు కలుపుకొని 400 గ్రాములు. అరకిలో కొన్నచో తరగతి యంతటికి చాలి, ఉపాధ్యాయునకు కొంత మిగులును. విడివిడిగా నలువది చిన్నచుట్టలు కొనుటకును దీనికిని గల తేడాను విద్యార్థులచేతనే లెక్క వేయింపవలెను. రెండు రంగుల దారము కొన్నచో ఏ కొన ఎటు పోయినదో నల్లబల్లపై చూపుటకు సులువు.

ఏ దారమునకు ఏ ముడి

రెండు దారముల కొనలు కలుపుటకు చాలమంది ‘రీఫ్ నాట్’ వేయుదురు. పొట్లము కట్టుటకు, గాయమునకు కట్టు కట్టుటకు అది చాలును. వెనుక ఆనుకొనుటకు ఏదో ఒక వస్తువు ఉన్నప్పుడే అది నిలుచును. గాలిలో వ్రేలాడు నున్నని దారములను కలుపుటకు దానిని నమ్మరాదు. జంటచుట్టుల షీట్ బెండ్ వేయవలెను. లావు వేరైన రెండు దారములకు గూడ అదియే సరి. లావుదానిని వంపుగా మడిచి, సన్నదానిని చుట్టవలెను. గుంజకు కట్టుటకు ‘క్లోవ్ హిచ్’కన్న, ఒక పూర్తి చుట్టు చుట్టి రెండు సగముడులు వేయుట నైలానునకు క్షేమము. విడిపోని ఉచ్చు కావలెనన్న ‘బోలైన్’ వేసి, మిగిలిన కొనతో ఒక అడ్డుముడి వేయవలెను.

మరొక సత్యము గుర్తుంచుకొనదగినది. ముడి త్రాటికి బలమిచ్చునని పలువురి భ్రమ. ముడి దగ్గర త్రాడు ఒక్కసారిగా వంగును. వంపు వెలుపలి పోగులు బిగిసి, లోపలివి వదులగును. బరువు అన్నిటిపై సమముగా పడదు. అందుచేత సామాన్యమైన ముడి త్రాటి బలమును ఇంచుమించు సగమువరకు తగ్గింపగలదు. చవకదారముపై వ్రాసిన బలము ముడిలేని దారముది. ముడి వేసిన పిమ్మట దానిలో సగమే మనది. కావున అభ్యాసమునకు తెచ్చిన సన్నదారముతో ఊయల కట్టుట, బావిలో దిగుట, మెడకు తగిలించుకొని ఆడుట మొదలగువానిని ఎట్టి పరిస్థితిలోను అనుమతింపరాదు.

క్రుళ్ళని గుణము, క్రుళ్ళని దోషము

ఇంతవరకు చెప్పిన దంతయు కొనువాని మేలునకు. కొన్న పిమ్మట త్రాటి గతి ఏమగును అన్న ప్రశ్న మిగిలియున్నది.

మన ఉత్తరాంధ్ర జిల్లాలు నారకు ప్రసిద్ధమైనవి. విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల మెట్టభూములలో గోగును ఒకప్పుడు విరివిగా పండించిరి. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానము ఆ పంటపై పనిచేసినది. గోగుకట్టెను నీట ఊరవేసినచో సూక్ష్మజీవులు జిగురును తిని నారను విడదీయును. నెల్లిమర్లలోను, భోగాపురమునకు సమీపముననే గోస్తనీ తీరమున ఉన్న చిట్టివలసలోను జనుపనార మిల్లులు వేలాదిమందికి కూడు పెట్టినవి. ప్లాస్టిక్కు సంచియు, ప్లాస్టిక్కు త్రాడును వచ్చిన పిమ్మట నారకు గిరాకి తగ్గెను. ధాన్యము, చక్కెర మొదలగువానికి నారసంచులు వాడవలెనని 1987లో కేంద్రము చట్టము చేయవలసి వచ్చినది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. చేంతాడు, పలుపు, తలుగు, మోకు, పగ్గము, నులక అను మాటలు ఆ నారతో పుట్టి పెరిగినవి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క త్రాడు, ఒక్కొక్క త్రాటికి ఒక్కొక్క పేరు. ఇప్పుడు అన్నిటికిని ప్లాస్టిక్కు త్రాడను ఒకే పేరు మిగిలినది. నారతోబాటు నిఘంటువులోని ఒక పుటయు చిరుగుచున్నది.

నార త్రాటికి క్రుళ్ళుట దోషమని చెప్పితిమి. తెగి పారవేసిననాడు ఆ దోషమే గుణమగును. అది మట్టిలో మట్టియై పోవును. నైలానునకు క్రుళ్ళకపోవుట గుణమని చెప్పితిమి. పారవేసిననాడు ఆ గుణమే దోషమగును. సముద్రములో తెగిపోయిన నైలానువల యజమాని లేకున్నను వేట మానదు. చేపలను, తాబేళ్ళను పట్టి చంపుచునే యుండును. మన ఈ తీరమునకు శీతకాలము మొదలుకొని గ్రుడ్లు పెట్టుటకు వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చేరిన ప్రాణులు. ఊపిరికై పైకి రావలసిన ఆ ప్రాణి వలముక్కలో చిక్కినచో నీట మునిగియే చచ్చును. గాలిపటములకు వాడు కృత్రిమపు మాంజా దారము పక్షుల రెక్కలను, మనుష్యుల కంఠములను కోయుచుండుటచేత, 2017 జూలైలో జాతీయ హరిత ధర్మాసనము దానిని దేశమంతట నిషేధించెను.

కావున దారమును ఎన్నుకొనునప్పుడు ఎంత వెల, ఎంత బలము అను రెండు ప్రశ్నలతో ఆగరాదు. ఈ ముడి ఎన్నాళ్ళుండవలెను అను మూడవ ప్రశ్నయు వేయవలెను. మొక్కకు ఊతకర్ర కట్టుటకు, పొట్లము కట్టుటకు, తోరణము కట్టుటకు పురికొసయే చాలును. ఆ పని తీరిననాడు అదియు తీరిపోవును. నీటిలో నానవలసినది, ఏండ్లతరబడి విప్పి కట్టవలసినది అయినప్పుడు కృత్రిమపు దారము న్యాయమైనది. ఒక్కరోజు పనికి వందయేండ్ల దారము వాడుట పొదుపు కాదు.

తీరమునకు సమీపమున ఉన్న పాఠశాలలకు మరొక చవకమార్గము కలదు. అలలు ఒడ్డునకు తెచ్చి పడవేసిన త్రాటిముక్కలు ఇసుకలో సగము పూడి కనబడుచుండును. ఉపాధ్యాయుడు వెంటనుండి, చేతికి తొడుగులు వేయించి, విద్యార్థులచేత వానిని ఏరించి, మంచినీట కడిగి ఆరవేయింపవచ్చును. పొట్టు రాలునవి, గాలములు చిక్కుకొన్నవి విడిచిపెట్టి, బాగున్నవానిని నీటిపరీక్షచేత జాతులవారిగా వేరుచేయవచ్చును. ముడుల తరగతికి దారము దొరకును, శాస్త్రపాఠము నడచును, తీరమున ఒక ఉచ్చు తగ్గును. అయితే ఎవరి పడవ దగ్గరనో, ఎవరి వల ప్రక్కనో ఉన్న త్రాటిని ముట్టరాదు. పాతదిగా కనబడినను అది ఒక కుటుంబపు ఆస్తి.

తరగతి ముగియుటకు ఐదు నిమిషముల ముందు విద్యార్థులచేత వేసిన ముడులన్నియు విప్పింపవలెనని ఉపాధ్యాయులకు మనవి. బిగిసిన ముడిని కత్తిరించుట ఎవరికైనను వచ్చును. ఏ వంపును వెనుకకు త్రోసినచో ముడి వదులగునో తెలిసినవాడే ఆ ముడిని నిజముగా నేర్చినవాడు. విప్పిన దారమును చుట్టి పెట్టెలో పెట్టినచో, వచ్చు సంవత్సరపు తరగతికి మరల కొననక్కరలేదు. దారమునందు చవక అనునది అదియే.